కృష్ణయొడ్డున నిలిచి చూచిన పక్షులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, గ్రంథాలయోద్యమమును గూర్చియో, శ్రీశైల స్థలమాహాత్మ్యమును గూర్చియో నేను మాటలాడుదునని వారు తలచి యుందురు. నేను మాత్రము నీటియొడ్డున తిరుగు పక్షులను గూర్చి చెప్పెద నంటిని. వారు కొంచెము నవ్వి, “అయ్యవారూ, అవి సముద్రపు టొడ్డున ఉండు పక్షులు గదా, మన సీమకు వానితో ఏమి పని?” అని యడిగిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే నేటి నా ప్రసంగము.

రాయలసీమ యనగానే కరవును, నాపరాతి నేలలును, సంకటిముద్దయు జ్ఞప్తికి వచ్చును. సముద్రము చూడవలెనన్న మనవారు నెల్లూరివైపు పోవలసినదే. అయినను మనకును ఒక తీరము కలదు. అది ఏటేట పుట్టి ఏటేట మునుగుచున్నది. శ్రీశైలమున కృష్ణకు అడ్డముగ కట్టిన ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1981నాటికి దాని వెనుక నీరు నిలిచినది. జలాశయము నిండినప్పుడు నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. ఆశ్వయుజ కార్తికములందు నీరు నిండుగ నుండును. సంక్రాంతి గడచినది మొదలు అది తగ్గుచు వచ్చి, వేసవినాటికి మైళ్లకొలది బురదనేలయు, ఇసుకయు, గులకరాళ్లును బయటపడును. సంగమేశ్వరస్వామి దేవళము నీటినుండి లేచి వచ్చుటయు ఆ దినములందే. భక్తులు పడవ దిగి దేవళమునకు నడచిపోవు ఆ బురదలోనే, వారి పాదములకు నూరడుగుల దూరమున, సైబీరియానుండి వచ్చిన యాత్రికులు కూడ మేతకు తిరుగుచుండును. మన కన్ను స్వామిమీద నుండును గాన అవి కానరావు. అది తప్పని నేననను.

నాకు ఈ వ్యసన మెట్లు కలిగెనో ముందు చెప్పవలెను. నేను పుట్టిన యిల్లు ఈ నీటిక్రింద నున్నది. జలాశయమువలన ఇల్లు వాకిలి విడిచి లేచివచ్చిన ఊళ్లు సుమారు నూరు. వానిలో మాది యొకటి. ఈ సభలో నెరసిన తలలవారందరును ఆ వలసను ఎరిగినవారే గనుక దానినిగూర్చి విస్తరించను. 2003వ సంవత్సరపు వేసవిలో, వరుసగా వానలు తప్పి నీరు బాగుగా దిగిపోయినప్పుడు, మా పాతయూరి గోడల మొదళ్లు కనబడుచున్నవని విని చూడబోతిని. మా పంచ యుండిన చోటు గుర్తుపట్టితిని. తిరుగలి నిలిపిన బండ కదలలేదు. ఆ బండప్రక్కన పిచ్చుకకంటె కొంచెము పెద్దదైన పక్షి యొకటి బొంగరమువలె గిరగిర పరుగెత్తి, ఠక్కున నిలిచి, మరల పరుగెత్తినది. మెడకు నల్లని పట్టీ. కంటిచుట్టు పసుపుపచ్చని వలయము, కాటుకకు బదులు పసుపు దిద్దినట్లు. నేను అడుగు వేయగనే అది రెక్క విరిగినట్లు నేలపై ఈడ్చుకొనుచు దూరముగ పోజొచ్చినది. జాలిపడి వెంట పోతిని. ఇరువది గజములు నడిపించి, కులాసాగా ఎగిరిపోయినది.

మోసపోతినని అప్పుడు తెలియలేదు. ఆ సాయంకాలము ఈ గ్రంథాలయములో సలీం అలీగారి పక్షుల పుస్తకము తీసి చూచితిని. 1941లో మొదట అచ్చుపడి, ఎన్నియో ముద్రణములు పొందిన గ్రంథమది. మన బీరువాలో అంతవరకు దానిని ఎవరును తీసికొన్నట్లు చీటీపై గుర్తులు లేవు. అందులో నా పక్షి చిత్రము దొరికినది. అది లిటిల్ రింగ్డ్ ప్లవర్. రెక్క విరిగినట్లు నటించుట గూటినుండి శత్రువును దూరముగ మరలించుటకని అందు వ్రాసియుండెను. అనగా మా పంచలో దానికి గూడున్నదన్నమాట. మరునాడు తెల్లవారక మునుపే పోయి, దూరముగ కూర్చుండి చూచితిని. గూడన్నది పేరునకే. సున్నపు బెడ్డలనడుమ చేతి వ్రేలితో నొక్కినంత గుంత. దానిలో రాళ్లరంగు గ్రుడ్లు నాలుగు. చూపు మరల్చిన మరల కానరావు. మేము విడిచిపెట్టి వచ్చిన ఇంటిలో మరియొక సంసారము. నేను చాలసేపు అచటనే కూర్చుంటిని.

నాటినుండి నేటివరకు ఒడ్డు విడువలేదు. ఇక వీనిని గుర్తించుట యెట్లో చెప్పెదను. కొత్తవారికి ఒడ్డుపక్షులన్నియు ఒకటిగనే తోచును. అన్నియు మట్టిరంగు, అన్నియు బురదలో ముక్కు గ్రుచ్చుచుండును. రంగు చూడవలదు, రంగు వానిని దాచుటకే పుట్టినది. పరిమాణము మనకు తెలిసిన పక్షితో పోల్చుకొనవలెను: పిచ్చుకంతయా, గోరువంకంతయా, పావురమంతయా? పిమ్మట ముక్కు చూడవలెను. పొట్టి ముక్కుగలది కంటితో వెదకి పరుగెత్తి తినును. పొడుగు ముక్కుగలది కన్ను మూసికొన్నను బురదలోపలి పురుగును ముక్కుకొనతో తడిమి పట్టగలదు. ఆ తరువాత కాలు, నడక. కడపట ఎగిరినప్పుడు తోక మొదట తెలుపున్నదా లేదా, కూత యెట్టిదా యని చూడవలెను. దుర్భిణి యున్న మంచిదే గాని, మొదటి రెండేండ్లు నాకు అది లేదు. ప్రొద్దున సూర్యుడు వీపువైపు నుండునట్లు కూర్చున్నచో సగము పని కన్నే చేయును.

మొదట తీతువును పట్టుడు. దీనిని ఎరుగనివారు ఈ సభలో లేరు. కంటిముందు ఎఱ్ఱని తోలుమడత, నల్లని రొమ్ము, పచ్చని పొడుగు కాళ్లు. సంస్కృతమున దీనిని టిట్టిభమనిరి. కూతనుబట్టి వచ్చిన పేరది. రాత్రి తీతువు కూసిన చావు కబురు వచ్చునని మన యాడవారు భయపడుదురు. తీతువు నేలమీద గ్రుడ్లు పెట్టు పక్షి. రాత్రి నక్కయో, కుక్కయో, మనిషియో గూటివైపు నడచిన అది లేచి అరచును. దొంగ వచ్చినను అరచును, కబురు తెచ్చినవాడు వచ్చినను అరచును. కూత ముందు, కబురు వెనుక. అపకీర్తి మాత్రము పక్షికి దక్కినది. దీనికే తోబుట్టువు మరియొకటి కలదు. దాని కంటిముందటి మడత పసుపుపచ్చన. అది నీటికి దూరముగ, బీళ్లలో, గొర్రెలు మేయు పల్లెచేలలో నుండును. రెండింటిని ప్రక్కప్రక్కన చూడదలచినవారు వేసవిలో మన చెరువు కట్ట దిగి బీటివైపు అరమైలు నడచిన చాలును.

పంచతంత్రమున టిట్టిభ దంపతుల కథ చదివియుందురు. సముద్రపు టొడ్డున గ్రుడ్లు పెట్టగా సముద్రుడు వానిని హరించెను. పక్షులన్నియు గరుత్మంతునితో మొరపెట్టుకొనగా, విష్ణువు బెదిరించి గ్రుడ్లు తిరిగి ఇప్పించెను. చిన్ననాడు అది నీతికథ యని చదివితిని. ఇప్పుడు చదివిన, ఆ కథ అల్లినవాడు ఎవరో నిజముగ ఒడ్డున కూర్చుండి చూచినవాడనియే తోచును. మండువేసవిలో తీతువు నీటిలో దిగి రొమ్ము తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లార్చుట నేను కన్నులార చూచితిని. గ్రుడ్లను పొదుగుట వెచ్చజేయుటకని మనమందుము. మన సీమ యెండలో చల్లార్చుటయే పొదుగుట.

ఉల్లంకులలో మూడింటిని తరచుగ చూడవచ్చును, మూడును ఇంచుమించు గోరువంకంతయే. నిలిచినను నడచినను తోక క్రిందికిని పైకిని ఆడించుచునే యుండునది కామన్ సాండ్‌పైపర్. దీని భుజమువద్ద రొమ్ము తెలుపు పైకి చొచ్చుకొని వచ్చును. శ్రీశైలమున పాతాళగంగవద్ద ఒడ్డు నిలువుగా నుండుటచే బురదపక్షులు నిలువవు గాని, ఈ తోకయాడించు పక్షి మాత్రము స్నానపు మెట్లమీద, యాత్రికుల బట్టలనడుమ, తనకును ఒక మునక కావలెనన్నట్లు తిరుగుచుండును. ఎగిరినప్పుడు రెక్క క్రిందిభాగము నల్లగా, తోక మొదలు తళుక్కున తెల్లగా కనబడినచో అది గ్రీన్ సాండ్‌పైపర్. వీపుమీద తెల్లని చుక్కలు చల్లినట్లుండి, కంటిపై తెల్లని గీత స్పష్టముగ నున్నచో వుడ్ సాండ్‌పైపర్. ఈ పేర్లు నోటికి తిరుగవనువారు నోటుపుస్తకములో తోకయూపుడు పిట్ట, చుక్కలపిట్ట అని వ్రాసికొన్నను నాకు అభ్యంతరము లేదు. పక్షికి అసలే లేదు.

ఎఱ్ఱని దారమువంటి పొడుగు కాళ్లతో నీటిలో నడచు నలుపుతెలుపు పక్షిని, బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్‌ను, గుర్తించుటకు ఉపాధ్యాయుడు అక్కరలేదు. పొయ్యికట్టె కాళ్లు కట్టుకొని ఆడు పిల్లవానివలె నుండును.

ఇక అన్నిటికంటె చిన్నది లిటిల్ స్టింట్. బురదలో ఎలుకలవలె గుంపులుగ పరుగెత్తును. ముక్కు నలుపు, కాళ్లు నలుపు. తూకము రెండు తులములకు అటునిటు. అది గ్రుడ్లు పెట్టునది ఉత్తరధ్రువమునకు దాపున, సైబీరియా మంచుమైదానములలో. వేసవి ముగిసిన వెంటనే బయలుదేరి, భాద్రపదము నాటికే మన దేశమునందు కానవచ్చును. దానికి త్రోవ చూపువారెవరు? పిల్లలు తల్లిదండ్రుల వెంట వచ్చునని తలచితిమేని అదియును సత్యము కాదు; ఈ జాతులలో పెక్కింట పెద్దవి ముందే బయలుదేరి పోవును, పిల్లలు తరువాత తమంతట తామే వచ్చును. ఈ కుటుంబమునకే చెందిన బార్‌టెయిల్డ్ గాడ్విట్ అను పక్షి యొకటి 2022 అక్టోబరులో అలాస్కానుండి బయలుదేరి, ఎచ్చటను వ్రాలక, 11 దినములలో సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మానియా చేరినది. దాని వీపున అమర్చిన చిన్న యంత్రము ఈ సంగతి తెలిపినది. కడుపున తిండి లేక, కంట నిద్ర లేక, పదునొకండు దినములు! మనము ఆత్మకూరునుండి బస్సులో శ్రీశైలము పోవుటకు రెండు పూటల చద్ది కట్టుకొందుము.

యంత్రములు రాకమునుపు ఈ లెక్కలు తెలిసికొనుటకు పక్షులకాళ్లకు ఉంగరములు తొడిగెడివారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఆ పని 1927లో మొదలిడి, 1959 తరువాత సలీం అలీగారి నాయకత్వమున విస్తారముగ చేసిరి. ఇప్పటికిని చేయుచున్నారు. ఇది ముఖ్యముగ జాలరి సోదరులకు చెప్పుచున్నాను: వలలో చిక్కిన పక్షికాలికి ఉంగరమున్నచో, దానిపై సొసైటీవారి పేరును ఒక సంఖ్యయు నుండును. ఆ సంఖ్యను వ్రాసికొని గ్రంథాలయమునకు తెలిపిన మేము జాబు వ్రాసెదము. పక్షి బ్రదికియున్నచో ఉంగరము తీయక విడిచిపెట్టుడు. వెండియని భ్రమపడవలదు, అది అల్యూమినియము.

ఇప్పుడు టెర్న్‌లను గూర్చి. మన జాలరులు వీనిని చేపలు పట్టు తెల్లపిట్టలందురు. ఒడ్డున నడచుట వీని పని కాదు, కాళ్లు బహు పొట్టివి. వీని బ్రదుకంతయు రెక్కలపైన. కత్తివలె సన్నని రెక్కలు, చీలిన తోక. ముక్కు నీటివైపు వంచి ఎగురుచు, చేప కనబడగనే రాయి వేసినట్లు నీట పడును.

రివర్ టెర్న్ మనకు ఏడాదిపొడుగున నుండు సొంతపక్షి. ఈ జాతి పెద్దయేరులను, జలాశయములను నమ్ముకొన్నది. వేసవిలో దీనికి పండుగ వేషము వచ్చును: తలపై నల్లని టోపీ, పసుపుకొమ్మువంటి ముక్కు, ఎఱ్ఱని కాళ్లు. చలికాలములో టోపీ నెరసి, ముక్కుకొన నల్లబడును. దీనితో పొరపడదగినది విస్కర్డ్ టెర్న్. అది చలికాలపు అతిథి, చిన్నది, తోకచీలిక కొద్దిది. నీటిలో తలక్రిందుగ పడదు. పైపైన తేలుచు ముక్కుతో అందుకొనును, వరిమళ్లపైన పురుగులను కూడ పట్టును. లావుపాటి నల్లని ముక్కుగలది గల్‌బిల్డ్ టెర్న్, అదియు అతిథియే. పండుగవేషమున పొట్ట నల్లగా, ముక్కు నారింజరంగున నుండునది బ్లాక్‌బెల్లీడ్ టెర్న్. అది ఒకప్పుడు మన దేశపు ఏరులన్నిట నుండెడిది. ఇప్పుడు ప్రపంచముననే అపాయమున పడినది. ఇన్నేండ్లలో నేను దానిని రెండుమారులు మాత్రమే చూచితిని, రెండవమారు కూడ నా కన్నును నమ్మలేక ప్రక్కవానిని అడిగి చూపించుకొంటిని. రివర్ టెర్న్ సైతము 2020నుండి అంతర్జాతీయ పట్టికలో ముప్పున్న పక్షులలో చేరినది.

కారణము తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ఇవి నేలమీద, ఏటినడుమ ఇసుకతిప్పలపై, బండలపై గ్రుడ్లు పెట్టును. మాఘఫాల్గుణములు మొదలు వైశాఖమువరకు, అనగా నీరు తగ్గి తిప్పలు బయటపడు దినములలో. నీరు ఎక్కువగా నున్న తిప్ప మునుగును, మరీ తగ్గిన తిప్ప ఒడ్డుతో కలిసిపోవును. నడుమనున్న కొద్దిపాటి వాసియే వాని సంసారము. కర్ణాటకమున భద్రా జలాశయములో రివర్ టెర్న్‌లు తిప్పలపై వందలకొలది గుమిగూడి గ్రుడ్లు పెట్టును. ఆ భద్ర తుంగతో కలిసి, తుంగభద్రయై, మన కృష్ణలోనికే వచ్చుచున్నది. అచటివలె మనకు పెద్ద గుంపులు లేవు. మనకు ఒక తిప్ప యున్నది. దాని పేరు నేను ఈ సభలో చెప్పను, అచ్చులో వేయించను, కారణము వినుడు.

2008వ సంవత్సరము ఉగాది కావించిన తరువాత, కన్నడ యాత్రికులు శ్రీశైలమునుండి తిరిగిపోవు దినములలో, నేను మా బడిపిల్లలను పదునలుగురిని పుట్టిలో ఆ తిప్పకు తీసికొనిపోతిని. పిల్లలకు ప్రకృతి పాఠము చెప్పవలెనని నా యుత్సాహము. పదిగంటలకు దిగితిమి. గూళ్లను లెక్కించితిమి, పందొమ్మిది. పిల్లలు గ్రుడ్లను తాకలేదు. తాకనీయలేదని నాకు గర్వముగ నుండెను. ఒక్కొక్క గూటివద్ద నిలిచి గ్రుడ్ల రంగు, మచ్చలు వ్రాసికొంటిమి. తలలపై పక్షులు అరచుచు, మా టోపీలకు తగులునంత క్రిందికి దూకుచుండెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. అట్లు మధ్యాహ్నమువరకు గడపితిమి. పుట్టి తెచ్చిన వృద్ధ జాలరి తెడ్డు పట్టుకొని నీటివద్దనే నిలిచియుండెను. నేను తిరిగి రాగా అతడు అన్న మాటలు ఇవి: “అయివారూ, చెప్తే ఏమనుకుంటారోనని ఊరకుంటి. మీరీడ నిలబడుకున్నంతసేపూ ఆ తల్లులు పైనే తిరుగుతుండాయి. కింద గుడ్లు ఎండకు ఉడుకుతుండాయి.”

నేను నేలపై చేయి పెట్టి చూచితిని. నిలుపలేకపోతిని.

పదునైదు దినములకు ఒంటరిగ పోయి, దూరమునుండి చూచితిని. పందొమ్మిది గూళ్లలో నాలుగింటివద్ద మాత్రమే పిల్లలు కనబడినవి. తక్కినవి కొన్ని పగిలియు, కొన్ని చెడియు నుండెను. ఎండ యొక్కటియే కారణమని చెప్పజాలను, కాకులు కూడ వచ్చినవి. కాని తల్లులను లేపి కాకులకు త్రోవ చేసినది మేమే. ఆ పిల్లలలో ఇరువురు ఇప్పుడు ఈ సభలో నున్నారు. వారికి ఈ సంగతి నేను నేటివరకు చెప్పలేదు. మేము గ్రుడ్లను తాకలేదని వారు ఇన్నేండ్లును సంతోషించుచున్నారు కాబోలు.

నాటినుండి నేను ఆ తిప్పపై అడుగు పెట్టలేదు. ఒడ్డునుండి దుర్భిణితోనే చూచుచున్నాను. 2009 అక్టోబరు వరదలో జలాశయపు నీరు 885 అడుగుల పూర్తిమట్టమును దాటి పదడుగులకు పైగా లేచినది. కర్నూలు మునిగినది ఆ వరదలోనే. తిప్ప రూపే మారిపోయినది, ఇసుక కొట్టుకొనిపోయి బండలు తేలినవి. మరుసటి వేసవి పక్షులు రావనుకొంటిని. వచ్చి బండల సందులలోనే గ్రుడ్లు పెట్టినవి. తరువాత ఒక కరవుయేట నీరు మిక్కిలి తగ్గి తిప్ప ఒడ్డుతో కలిసినది. మూడు రాత్రులలో నక్కలు, కుక్కలు ఒక్క గూడును మిగుల్చలేదు. దానికి ఎవరును చేయగలిగినది లేకపోయెను.

చేయగలిగినది కొంత జాలరులే చేసిరి. నేను చెప్పినందువలన కాదు, పైన చెప్పిన వృద్ధుని మాటవలన. ఉగాదినుండి వైశాఖము కడవరకు ఆ తిప్పపై వలలు ఆరవేయరాదని, వంట చేసికొనరాదని వారిలో వారు కట్టు చేసికొనిరి. కోస్తానుండి వలసవచ్చి గుడిసెలు వేసికొను వారికి సయితము చెప్పిరి. ఆ వృద్ధుడు గతించి ఆరేండ్లైనది. కట్టు నిలిచియున్నది.

అప్రస్తుతమైనను ఒక సంగతి చెప్పక విడువలేను. ఒడ్డుపక్షుల కులమున పుట్టి, నీటిని పూర్తిగ విడిచి, ముండ్లపొదల నడుమ కాపురముండు పక్షి యొకటి మన సీమకే సొంతము. అదియే కలివికోడి. కలివిపొదలలో తిరుగునది గాన ఆ పేరు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో మదరాసు సైన్యపు వైద్యుడైన జెర్డన్ దొర దానిని కనుగొనగా, 1848లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టిరి. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట మరల కానరాక, నశించినదనియే ప్రపంచము నిశ్చయించుకొన్నది. 1986 జనవరిలో కడపజిల్లాలో, బొంబాయి సొసైటీవారి పరిశోధనలో, స్థానికుడైన వేటగాడొకడు రాత్రివేళ దానిని చూపించినాడు. ప్రపంచము పోయినదనుకొన్న పక్షిపేరు అచటి పల్లెవారి నాలుకపై చెడక నిలిచియుండెను. 1988లో తపాలాశాఖవారు దాని బొమ్మతో బిళ్ల వేసిరి. లంకమల అడవి దానికొరకే అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ మార్గమును కూడ దానికొరకు మార్చిరి. అటుపిమ్మట చాలయేండ్లు మరల జాడలేక, 2025 ఆగస్టులో దాని కూత వినవచ్చినదని పక్షిపరిశీలకులు ప్రకటించిరి. ఇంతగా చెప్పుటకు హేతువేమనగా, మన పెద్దలు పిట్టలకు చెప్పు పేర్లను, కూతలను వ్రాసియుంచుడు. కలివికోడిని కనుగొనుటకు దుర్భిణికంటె ఆ పేరే ఎక్కువ అక్కరకు వచ్చినది.

ఆ పనికే ఈ గ్రంథాలయములో, వార్తాపత్రికలుంచు బల్లపైన, ఒక దళసరి నోటుపుస్తకము నుంచితిమి. పాఠకులు చాలమంది దానిని జమాఖర్చుల పుస్తకమనుకొని ముట్టరు. అందు తేది, వేళ, నీటిమట్టము, చూచిన పక్షి, చూచినవారి పేరు వ్రాయుటకు గీతలున్నవి. నీటిమట్టము వ్రాయుట మరువవలదు. ఏ మట్టమున తిప్ప తేలునో, ఏ మట్టమున ఒడ్డుతో కలియునో పదునేడేండ్ల లెక్క అందున్నది. పక్షిపేరు తెలియనివారు ముక్కును, కాళ్లరంగును వ్రాసిన చాలును. రూపము గీసిన మరియు మంచిది. ఆరవ తరగతి చదువు బాలిక యొకతె మొన్న సంక్రాంతి సెలవులలో గీసిన బొమ్మను మీరందరును చూడవలెను. పక్షికంటె ముక్కు పెద్దదిగ వేసినది. ఆ ముక్కు కొద్దిగ పైకి వంగియుండుటచే అది గ్రీన్‌షాంక్ అని వెంటనే తెలిసినది. దానిని నేను ఆ వారమంతయు ఒడ్డున తిరిగియు చూడలేకపోతిని.

దుర్భిణి యొకటి గ్రంథాలయమున నున్నది, చీటీ వ్రాసి రెండు దినములకు తీసికొనవచ్చును. పట్టీ తెగియున్నది గనుక మెడలో వేసికొనక చేత పట్టుకొనవలెను. రానున్న ఆదివారము తెల్లవారుజామున అయిదుగంటలకు నేను రావిచెట్టువద్ద నుందును. తెల్లబట్టలు కట్టినవారు పైన గొంగళి కప్పుకొని రావలెను. కుక్కలను ఇంట కట్టి రావలెను. ఒడ్డువరకే పోదుము. తిప్పపైకి పోము.